సూద్ గురించి అడుగుతాం, ఆపా హిస్సా గురించి అడగం

జుమా నమాజ్ అయ్యాక ఇమామ్ సాహెబ్ చుట్టూ చేరేవాళ్లు అడిగే మసలాల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది. "హజ్రత్, ఇల్లు కట్టుకోడానికి బ్యాంకు లోను తీసుకోవచ్చా? సూద్ అవుతుంది కదా?" అడగాల్సిన సవాలే. సూరె బఖరాలో సూద్ గురించి ఉన్న హెచ్చరిక చదివినవాడికి గుండె ఝల్లుమనాలి కూడా. ఆ ఖౌఫ్‌ని నేను తేలిక చెయ్యను.

కానీ ఆ సవాల్ అడిగేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఉంటున్నది అబ్బా కట్టిన ఇంట్లో. అబ్బా పోయి ఏళ్లయింది. ఆపాలు, చెల్లెళ్లు నికాహ్ అయి అత్తారిళ్లకి వెళ్లిపోయారు. ఆ ఇంట్లో వాళ్ల హిస్సా ఏమైందని ఎవరూ అడగరు. "హజ్రత్, మా ఆపాకి హిస్సా ఇవ్వకుండా ఈ ఇంట్లో ఉండటం జాయిజేనా?" అన్న మాట మసీదు మెట్ల మీద వినపడదు. రేపు కట్టబోయే ఇంట్లోకి హరామ్ వస్తుందేమోనని ఫికర్ పడతాం. ఇవాళ పడుకుంటున్న ఇంట్లోకి ఏం వచ్చి కూర్చుందో మాత్రం చూసుకోం. నా షికాయత్ ఇదే.

ఇల్లంటే మనకి ఎంతో నాకు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం నూటికి ఒక్కరం కూడా లేం. షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో ఇంకా నిలబడి ఉంది. చికాకోల్ పేరుతో ఒక సర్కారే నడిచింది. అయినా ఇవాళ కిరాయి ఇంటికి వెళ్తే పేరు చెప్పగానే "మాంసం వండుతారా" అనే ప్రశ్న ఎదురవుతుంది. అందుకే సొంతిల్లు మనకి ఇజ్జత్. రెండు సెంట్ల జాగా, నాలుగు గోడలు, గుమ్మం మీద మాషా అల్లాహ్ అని ఒక పలక. మెకానిక్ షెడ్డులో, మటన్ దుకాణంలో, కుట్టు మిషన్ మీద సంపాదించినదీ, కువైట్ నుంచి పంపినదీ అంతా అందులోనే పోస్తాం. మనలో ఎక్కువమందికి పొలం ఉండదు, బ్యాంకులో డిపాజిట్ ఉండదు. అబ్బా వదిలి వెళ్లేది ఆ ఇల్లొక్కటే. అందులో ఆడపిల్ల హిస్సా తీసేస్తే ఆమె వారసత్వం మొత్తం తీసేసినట్టే. "ఒక్క ఇల్లే కదా" అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. ఒక్కటే కాబట్టే జుల్మ్ పూర్తిగా జరుగుతోంది.

అది దొంగతనంలా కూడా కనపడదు. చెహ్లుం ఫాతిహా అయ్యి దస్తర్ తీశాక పెద్ద మామూ మొదలుపెడతాడు. "బేటీ, ఇంటి పన్ను, కరెంటు మీటరు ఇంకా అబ్బా పేరు మీదే ఉన్నాయి. భాయ్ పేరుకి మార్చాలి. నువ్వొక సంతకం పెట్టు." దస్తావేజు రైటర్ రాసి తెచ్చిన ఆ కాగితం పేరు హక్కు విడుదల పత్రం. దాన్ని ఎవరూ చదివి వినిపించరు. ఇంటి ఖరీదు ఎంతో, అందులో ఆమెకి వచ్చేది ఎంతో చెప్పరు. ఆమె కూడా అడగదు. అడిగితే భాభీ మొహం మారుతుందని, రంజాన్‌కి పిలుపు రాదని, మైకా తలుపు మూసుకుపోతుందని భయం. అమ్మీ సైతం కళ్లతోనే "పెట్టెయ్యి" అంటుంది. రేపట్నుంచి అమ్మీ తినాల్సింది ఆ కొడుకు ఇంట్లోనే కదా.

తర్వాత మనం "ఆపా మాఫ్ చేసేసింది" అని చెప్పుకుంటాం. మాఫీ అంటే చేతిలో ఉన్నదాన్ని తన ఖుషీతో వదలడం. చేతికి ఇవ్వనిదాన్ని, ఎంతో చెప్పనిదాన్ని, పదిమంది ముందు షరం పెట్టి రాయించుకుంటే అది మాఫీ కాదు, వసూలు. నిజమైన మాఫీ కావాలంటే తరీఖా సులువే. ఆపా హిస్సా సొమ్ము ముందు ఆపా చేతిలో పెట్టండి. ఇంటికి తీసుకెళ్లనివ్వండి. ఏడాది గడిచాక ఆవిడ తనంతట తానే తెచ్చి ఇస్తే కళ్లకద్దుకుని తీసుకోండి. ఎంతమంది తిరిగి తెస్తారో చూద్దాం.

ఇప్పుడు హిసాబ్ చూద్దాం. మనిషి పోయాక అతని మాల్‌లోంచి ముందు కఫన్ దఫన్ ఖర్చు తీయాలి. ఆ తర్వాత ఖర్జ్ తీర్చాలి. ఆ తర్వాత వసియత్, అదీ మిగిలినదాంట్లో మూడో వంతు మించకుండా. అప్పుడు వారసుల హిస్సాలు. ఖర్జ్ అనగానే షాపు బాకీలు గుర్తొస్తాయి. అందులో అమ్మీ మెహర్ కూడా ఉంటుందని మాత్రం గుర్తురాదు. నికాహ్‌నామాలో రాసి ముప్పై ఏళ్లు ఇవ్వని మెహర్ పాతబడి పోదు, అది భర్త మీద బాకీ. ఆ బాకీ కింద భర్త ఆస్తిని సక్రమంగా స్వాధీనంలో పెట్టుకున్న బేవా, అది తీరేదాకా స్వాధీనం వదలక్కర్లేదని 1916లోనే హమీరా బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకుంది.

ఒక ఇల్లు 24 లక్షలు చేస్తుందనుకోండి. బాకీలు లేవు, వసియత్ లేదు, దాదా దాదీ లేరు. వారసులు అమ్మీ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. మిగిలిన 21 లక్షల్ని ఆరు భాగాలు చెయ్యాలి. కొడుక్కి రెండేసి, కూతురికి ఒక్కొక్కటి. కొడుకులకి చెరో 7 లక్షలు, కూతుళ్లకి చెరో మూడున్నర లక్షలు. మళ్లీ కలపండి. అమ్మీది 3, కూతుళ్లది 7. 24 లక్షల ఇంట్లో 10 లక్షలు ఆడవాళ్లవి. "ఇది మా భాయిలిద్దరి ఇల్లు" అనే మాటలో ఎంత ఝూట్ ఉందో ఈ అంకె చెప్తుంది.

ఈ హిసాబ్ చూపిస్తే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. మొదటిది: "జహేజ్ ఇచ్చేశాం కదా." జహేజ్ అబ్బా బతికుండగా ఇచ్చింది. హిస్సా అబ్బా పోయాక అల్లాహ్ ఇచ్చింది. ఒకదాని కింద ఇంకోటి జమ కట్టే అధికారం భాయ్‌కి లేదు. పైగా జోడే కీ రఖం ఆపా చేతికి రాలేదు, దుల్హా ఇంటికి వెళ్లింది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. మన మెహర్‌ని కట్నం కాదని ఆ చట్టమే పక్కన పెట్టింది. నేరంగా ఖర్చు చేసిన సొమ్ముని ఫర్జ్ కింద కట్ చేసుకోవడం ఏ హిసాబో? బతికుండగా అబ్బా పెట్టిన ఖర్చులన్నీ లెక్క పెడదామంటే, భాయ్ ఇంజనీరింగ్ ఫీజు, కువైట్ వీసాకి ఏజెంటుకి కట్టింది, దుకాణం అడ్వాన్సు కూడా కాగితం మీదకి రావాలి. అప్పుడు ఎవరు ఎవరికి బాకీ పడతారో చూద్దాం.

రెండోది: "ఇల్లే చిన్నది, ముక్కలు చేస్తే ఎవరికి పనికొస్తుంది?" గోడ పగలగొట్టమని ఎవరూ అనలేదు. ఒక వారసుడు ఒప్పుకున్న ఖీమత్ తీసుకుని పక్కకి తప్పుకోవడానికి మన ఫిఖహ్‌లోనే దారి ఉంది, పేరు తఖారుజ్. ఇంటి ఖరీదు కట్టించండి. ఆపా హిస్సా ఎంతో రాయండి. ఒకేసారి ఇవ్వలేకపోతే ఆవిడ ఒప్పుకుంటే నెలకి ఐదు వేలు చొప్పున ఇవ్వండి. మూడున్నర లక్షలు ఆరేళ్లలోపు తీరిపోతాయి. ఫ్రిజ్జుకి, బైకుకి కిస్తీలు కట్టడం తెలిసిన చేతులకి ఇది కష్టం కాదు. మేడ మీద పోర్షన్ కిరాయికి ఇచ్చి ఉంటే ఆ కిరాయిలో ఆవిడ వంతు ఆవిడకి పంపండి.

మూడోది చెప్పేటప్పుడు గొంతులో ప్రేమ ఉంటుంది: "ఆపాకి ఏం తక్కువ చేశాం? ఈద్‌కి బట్టలు పెడతాం, పురుడు మేమే పోశాం." చాలా మంచిది, అల్లాహ్ అజ్ర్ ఇస్తాడు. కానీ సొంత డబ్బు ఇవ్వకుండా చీర పెడితే అది ఆమె డబ్బుతో కొన్న చీరే. కొడుక్కి రెండు, కూతురికి ఒకటి ఎందుకని బయటివాళ్లు అడిగితే మనం ఠక్కున జవాబు చెప్తాం: ఇంటి నఫఖా మగవాడి మీద ఉంది, అందుకని. బాగుంది. మరి ఆ ఒకటి కూడా నువ్వే ఉంచుకున్నాక ఆ జవాబు ఏ మొహంతో చెప్తావు?

ఒక్క వాదనలో మాత్రం భాయ్ వైపు ఇన్సాఫ్ ఉంది. పదేళ్లు గల్ఫ్‌లో ఎండకి మాడి ఒక కొడుకు డబ్బు పంపాడు, అబ్బా తన పేరున జాగా కొని ఇల్లు కట్టాడు. అబ్బా పోయాక అది అందరికీ పంచాలంటే ఆ కొడుక్కి కడుపు మండుతుంది. మండాలి కూడా. కానీ దానికి ఇలాజ్ ఆపా హిస్సా మింగడం కాదు, డబ్బు పంపిన రోజే మాట తేల్చుకోవడం. అది అబ్బాకి హదియానా, ఖర్జా, ఇంట్లో షరీక్ కావడానికి పెట్టిన పెట్టుబడా? ఒక కాగితం ముక్క రాసి ఇద్దరు గవాహీలు సంతకం పెడితే ఇరవై ఏళ్ల తర్వాతి ఝగడా ఆ రోజే ఆగిపోతుంది. మనం "ఇంట్లోవాళ్ల మధ్య కాగితాలేంటి, గైరోళ్లమా" అంటాం. తర్వాత ఆ ఇంట్లోవాళ్లే కోర్టు వరండాలో గైరోళ్లై నిలబడతారు.

ఇదే మాట బీవీ బంగారం గురించి కూడా. స్లాబు వేసే వారం మేస్త్రీ డబ్బు అడుగుతాడు. బీరువాలోంచి గొలుసు, గాజులు బయటికొస్తాయి. మెహర్ కింద వచ్చినవో, మైకా వాళ్లు పెట్టినవో, అవి ఆమె సొంత మాల్. ఇంటి దస్తావేజు మీద మాత్రం షౌహర్ పేరు ఒక్కటే ఉంటుంది. రేపు ఆయన పోతే, తన బంగారంతో లేచిన ఇంట్లో ఆవిడకి దక్కేది ఎనిమిదో వంతు, అదీ ఇస్తే. అమ్మిన బంగారం తులాల్లో రాసి ఖర్జ్ అనండి, లేదా రిజిస్ట్రేషన్‌లో ఆమెని షరీక్ చెయ్యండి. రెండూ చెయ్యకుండా "నీది నాది ఏంటి" అనడం మొహబ్బత్ కాదు, చాలాకీ.

ఇక సూద్ సంగతికి వద్దాం. బ్యాంకు లోను పేరు వింటే ఉలిక్కిపడే ఇంటివాళ్లే కూతురి షాదీకి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. నూటికి నెలకి రెండంటే ఏడాదికి 24 శాతం. షాదీఖానాలో బిర్యానీ దేగ్‌లు లేస్తాయి, ఆ అప్పు ఆరేళ్లు తిరుగుతుంది. బంగారం తాకట్టు పెట్టిన చీటీలు ఖురాన్ గూటి పక్కనే ఉంటాయి. అప్పుడు మసలా అడిగినవాడు లేడు. అంటే మన సూద్ ఖౌఫ్ కూడా చోటు చూసి పుడుతోంది.

ఇంటి లోను మీద ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. ఉండటానికి ఇల్లు లేని ముస్లింలకి, వేరే దారి లేనప్పుడు, షరతులతో లోను తీసుకోవచ్చని యూరప్‌లోని ఫత్వా కౌన్సిల్ 1999లో చెప్పింది. ఎందరో ఉలమా దాన్ని ఒప్పుకోలేదు. ఆ బహస్ నడవనివ్వండి, మీ ఆలిమ్‌ని అడిగి మీ దిల్ ఒప్పుకున్న దారిలో వెళ్లండి. కూతురి హిస్సా మీద మాత్రం బహస్ ఎక్కడుంది? దేవ్‌బందీ, బరేల్వీ, అహ్లె హదీస్ అందరిదీ అక్కడ ఒకటే మాట. ఇఖ్తిలాఫ్ ఉన్న మసలా మీద రాత్రంతా వాట్సాప్‌లో కొట్టుకుని, ఇఖ్తిలాఫే లేని ఫర్జ్‌ని అటక మీద పెట్టాం.

ఈ హిస్సాలు ఎవరి కోసం దిగాయో గుర్తు చేసుకోండి. ఉహద్ జంగ్‌లో హజ్రత్ సాద్ బిన్ రబీ షహీద్ అయ్యారు. ఆయన బీవీ ఇద్దరు కూతుళ్లని వెంటబెట్టుకుని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి వచ్చింది. పిల్లల చాచా మాల్ మొత్తం తీసేసుకున్నాడని, మాల్ లేకపోతే వీళ్లకి నికాహ్ ఎలా అవుతుందని అడిగింది. ఆ ఫిర్యాదు మీద వారసత్వం ఆయతులు దిగాయి. కూతుళ్లకి మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో అని చాచాకి హుకుం వెళ్లింది. సూరె నిసా 11, 12 ఆయతుల్లో హిస్సాలు చెప్పాక, వెంటనే 13, 14లో అవి అల్లాహ్ గీసిన హద్దులన్న మాట, దాటినవాడికి హెచ్చరిక ఉన్నాయి. ఒక బేవా, ఇద్దరు యతీమ్ ఆడపిల్లలు నోరు తెరిచి అడిగితే జవాబు ఆస్మాన్ నుంచి వచ్చింది. మన ఇళ్లలో ఆడపిల్ల అడిగితే "ఆస్తి కోసం వచ్చింది" అంటాం.

హిందుస్తాన్‌లో ఈ హక్కు కోసం మళ్లీ కొట్లాడాల్సి వచ్చింది. చాలాచోట్ల రివాజ్ పేరుతో కూతుళ్లకి ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. ముస్లిం మహిళా సంఘాలు ఆ రివాజ్‌ని ఖండించాయి, ఉలమా మద్దతిచ్చారు, 1937లో షరియత్ చట్టం వచ్చింది. జమీందార్ల ఒత్తిడితో వ్యవసాయ భూమిని అందులోంచి మినహాయించారు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆ మినహాయింపు కూడా తీసేసింది. అప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అంటే మన ఆడపిల్లకి ఇంట్లోనే కాదు, పొలంలోనూ హిస్సా ఉందని చట్టం ఒప్పుకుని డెబ్బై ఐదేళ్లు దాటింది. మన హిందూ ఇరుగుపొరుగు ఇళ్లలో పెళ్లికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఈ రాష్ట్రంలో 1985 నుంచి వచ్చింది, ఎన్టీఆర్ హయాంలో. "ఇస్లాం ఔరత్‌కి పద్నాలుగు వందల ఏళ్ల కిందటే హక్కు ఇచ్చింది" అని మనం స్టేజీల మీద ఫఖ్ర్‌తో చెప్తాం. ఇస్లాం ఇచ్చింది నిజమే. మనం ఇచ్చామా?

సర్కారు పథకాలు కూడా ఈ మాట గ్రహించాయి. 2020 డిసెంబర్ 25న రాష్ట్రంలో పేదలకి ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైనప్పుడు పట్టా ఆడవాళ్ల పేరునే రాశారు. విజయనగరం పక్కన గుంకలాం లేఅవుట్‌లో సెంటు జాగా కూడా ఇంటి ఔరత్ పేరు మీదే. సర్కారు ఇచ్చిన సెంటుకి ఆమె పేరు పనికొచ్చింది, సొంత అబ్బా ఇంటికి మాత్రం పనికిరాలేదు.

ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి కాబట్టి ఒక సంగతి నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. తెలుగువాళ్లు ఆస్తి గురించి మాట్లాడాలంటే మన మాటలే వాడతారు. హక్కు, వారసుడు, దస్తావేజు, ఖరీదు, వసూలు, తనఖా, వకీలు, అన్నీ మన వైపు నుంచి తెలుగులోకి వచ్చినవే. ఊరందరికీ హక్కు అన్న మాట ఇచ్చినవాళ్లం. ఇంట్లో ఆపాకి ఆ మాట అర్థం కాకుండా దాచాం.

చెయ్యాల్సిన పనులు పెద్దవేం కావు. అబ్బాలు బతికుండగానే బీవీ మెహర్ ఇచ్చెయ్యండి, మీ బాకీలు రాసి పెట్టండి. "నా తర్వాత షరియత్ ప్రకారం అందరికీ హిస్సా" అని పిల్లలందరి ముందూ చెప్పండి, కొడుకుల ముందే కాదు. వారసుల్లో ఒకరికే వసియత్ రాస్తే, మిగతావాళ్లు ఒప్పుకోకుండా అది చెల్లదు. హయాత్‌లో పంచాలనుకుంటే హిబా చేసి స్వాధీనం ఇచ్చెయ్యండి, పిల్లల మధ్య అదల్ తప్పకుండా. భాయిలు హిస్సాల కాగితం చెహ్లుం లోపే రాయించండి, ఒక ఆలిమ్, ఒక వకీల్ పక్కన ఉండగా. అమ్మీ ఇద్దత్‌లో ఉన్న నాలుగు నెలల పది రోజులు ఆమె ముందు ఏ కాగితమూ పెట్టకండి. ఆపాలూ, చెల్లెళ్లూ, చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు. "ఇంటి ఖరీదు ఎంత, నా హిస్సా ఎంత, రాసివ్వండి" అని అడగండి. అడగడం బేఅదబీ కాదు. దామాద్‌లూ, మీకూ ఒక మాట: బీవీ హిస్సా బీవీదే. దాని కోసం ఆమెని మైకాకి తరమొద్దు, వస్తే లాక్కోవద్దు.

ఇమామ్ సాహెబ్‌లకి, మసీదు కమిటీలకి ఒక గుజారిష్. ఏడాదిలో ఒక్క జుమా ఖుత్బా విరాసత్ మీద చెప్పండి, ఔరత్లు కూడా వినేలా మైకు బయటికి పెట్టి చెప్పండి. చనిపోయినవాళ్ల ఇంటికి ఫాతిహాకి వెళ్లినప్పుడు దువా అయ్యాక ఒక్క సవాల్ అడగండి: "హిస్సాలు పంచారా?" ఆ ఒక్క సవాల్‌కి చాలా ఇళ్లు నోరు తెరుస్తాయి.

సొంతిల్లు కోరుకోండి, కట్టుకోండి, అల్లాహ్ బర్కత్ ఇవ్వాలి. కానీ ఆపా హిస్సా కలిసి ఉన్నంతకాలం అది పూర్తిగా మీ సొంతిల్లు కాదు. దాంట్లో కొంత భాగానికి మీరు కిరాయిదార్లు, కిరాయి కూడా కట్టని కిరాయిదార్లు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటే రూపాయల్లో తీరుతుంది. అక్కడ రూపాయలు చెల్లవు.